దరఖాస్తు ఫారం దగ్గరే ఆగిపోయినవాళ్లు: ఒక నాట్య సహాయ సంస్థలో మూడేళ్ల పని

నేను పనిచేసేది హైదరాబాద్‌లో ఒక చిన్న ట్రస్టులో. మేం నాట్యం నేర్పం. నాట్యం చేసేవాళ్ల వెనక నిలబడటమే మా పని: స్కాలర్‌షిప్పులు, అరంగేట్రానికో కొత్త ప్రొడక్షన్‌కో కొంత డబ్బు, రిహార్సల్‌కి హాలు, ఏడాదికి ఒక ఉత్సవం. ఇలాంటి సంస్థలు మన దగ్గర తక్కువ, లోపల పని ఎలా జరుగుతుందో రాసుకున్నవాళ్లు ఇంకా తక్కువ. అందుకే ఈ మూడేళ్లలో మేం చేసింది, చెడగొట్టింది, మళ్లీ సరిచేసుకుంది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. సాయం అందుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు కావాలనే రాయలేదు, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

"మీ ఫారం నా ఫోన్ చదవట్లేదండి" అని ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఇంటర్ చదువుతోంది, కూచిపూడి ఆరేళ్లుగా నేర్చుకుంటోంది, చూపు లేదు. నాకు ముందు అర్థం కాలేదు. పీడీఎఫ్ వెబ్‌సైట్‌లో ఉంది కదమ్మా, తెలుగులోనే ఉంది కదా అన్నాను. అప్పుడు వాళ్ల తమ్ముడి ఫోన్‌లోంచి మాట్లాడుతూ తన ఫోన్‌ని దానికి దగ్గరగా పెట్టి వినిపించింది. "దరఖాస్తుదారు పేరు" అని మేం రాసిన చోట ఆ మెషీన్ గొంతు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిపి గబగబా చదువుకుంటూ పోతోంది. నాలుగు పేజీల్లో ఒక్క తెలుగు మాట లేదు. ఆ అమ్మాయి ఓపిగ్గా, "ఇదండి నాకు వినపడేది, ఇందులో నా పేరు ఎక్కడ రాయాలి?" అంది.

సంగతేమిటంటే, మా ఫారం వీధి చివర డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో టైప్ చేయించింది. కంటికి చక్కటి తెలుగే. కానీ ఆ పాత పద్ధతి ఫాంట్లలో మనకి 'ద'లా కనిపించేది కంప్యూటర్ లోపల ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో అయి ఉంటుంది, స్క్రీన్ రీడర్ (తెరమీది రాతని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివేది ఆ లోపలిదాన్నే. తెలుగు అక్షరాన్ని లోపల కూడా తెలుగు అక్షరంగానే ఉంచే యూనికోడ్‌లో టైప్ చేసి ఉంటే అదే ఫారం హాయిగా తెలుగులో వినపడేది. ఖర్చేమీ లేని పని అది, ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ కూడా ఉచితమే. అయినా అన్నేళ్లూ మాకెవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆఫీసులో ఉన్న అందరికీ కళ్లు కనిపిస్తాయి. ఆ వారంలోనే మొత్తం మళ్లీ టైప్ చేశాం. గళ్ల పట్టికలు తీసేసి ఒకదాని కింద ఒకటి ప్రశ్నలుగా పెట్టాం, ఎందుకంటే ఆ పట్టికల్లో ఏ గడి ఏ ప్రశ్నదో చెవికి తెలియదు. వాట్సాప్‌లో పంపే ప్రకటన బొమ్మ కింద అదే సమాచారం మాటల్లో కూడా పెట్టడం అప్పుడే మొదలైంది. రాయడం ఇబ్బందైనవాళ్లు వాయిస్ మెసేజ్‌లో జవాబులు చెప్పొచ్చు అన్నాం. ఇది చూపు లేనివాళ్ల కోసం పెట్టింది, కానీ ఎక్కువగా వాడుకున్నది బడికి సరిగ్గా వెళ్లని పెద్ద వయసు జానపద కళాకారులు. వాళ్ల యాసలో, వాళ్ల మాటల్లో, తీరిగ్గా చెప్పుకున్నారు. రాసిన దరఖాస్తుల్లో నాకు ఎప్పుడూ కనపడని వివరాలు ఆ వాయిస్ మెసేజ్‌ల్లో విన్నాను.

గడి గడికీ ఒక తలుపు

ఆ ఫోన్ వచ్చాక ఒక శనివారం నలుగురం కూర్చుని ఫారం మొత్తం పైకి చదివాం. ప్రతి ప్రశ్న దగ్గరా, ఇక్కడ ఆగిపోయేది ఎవరు అని ప్రశ్నించుకున్నాం. అప్పటిదాకా మా కమిటీలో తరచూ వినిపించే మాట ఒకటుండేది: "మనం ఎవర్నీ వద్దనలేదు, వాళ్లే అప్లై చెయ్యట్లేదు." నేను కూడా అన్నాను ఆ మాట, చాలాసార్లు. ఆ శనివారం తర్వాత మళ్లీ అనలేకపోయాను.

గురువుగారి సిఫార్సు లేఖ తప్పనిసరి అని ఉంది. కూచిపూడికో భరతనాట్యానికో అది సహజంగా అనిపిస్తుంది. చిందు యక్షగానం ఇంట్లో పుట్టి ఇంట్లోనే నేర్చుకునే కుటుంబాలకి లేఖ ఎవరిస్తారు? తండ్రి ఇవ్వాలా? తండ్రి లెటర్‌హెడ్ ఏది? డప్పు నృత్యం చేసే కుర్రాడు తన వాడలో పదిమంది దగ్గర చూసి నేర్చుకుని ఉంటాడు. అంటే మేం కళాకారుడిని అడగట్లేదు, ఒక పద్ధతిలో నేర్చుకున్న కళాకారుడిని మాత్రమే అడుగుతున్నాం. శాస్త్రీయ నాట్యంలో కూడా ఆ లేఖ ఒక బరువే. ఒకామె గురువు ప్రవర్తన భరించలేక క్లాసు మానేసింది. ఆ విషయం నాతో చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది, మూడుసార్లు "ఏం లేదులెండి" అని ఫోన్ పెట్టేయబోయింది. ఆ లేఖ తప్పనిసరి అన్నన్నాళ్లూ అలాంటి మనిషి భవిష్యత్తు తాళంచెవి మళ్లీ తీసుకెళ్లి అదే గురువు చేతిలో పెడుతున్నాం. ఆ నిబంధన తీసేశాం. ఇప్పుడు అడిగేది ఫోన్‌లో తీసిన ఐదు నిమిషాల వీడియో, మీ నాట్యం చూసిన ఇద్దరి ఫోన్ నంబర్లు. ఆ ఇద్దరూ టీచర్లు కానక్కర్లేదు.

కమిటీలో దీనికి గట్టి వ్యతిరేకత వచ్చింది. సంప్రదాయం పోతుందని పెద్దవాళ్లు బాధపడ్డారు, ఆ బాధ నిజమైనదే. అప్పుడు నేను గుర్తుచేసింది కూచిపూడి చరిత్రే. భాగవతుల మేళాల్లో తరతరాలుగా ఆడవాళ్లు లేరు, ఆడ వేషాలూ మగవాళ్లే కట్టారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్లకి నేర్పడం మొదలుపెట్టినప్పుడు అది కూడా సంప్రదాయానికి విరుద్ధమే అనిపించింది. తర్వాత 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టారు, అక్కణ్ణుంచి ఎంతమంది అమ్మాయిలు వేదికెక్కారో మనందరికీ తెలుసు. ఇవాళ అమ్మాయిలు లేని కూచిపూడిని మనం ఊహించగలమా? ఎవరు చెయ్యొచ్చు అనే గీత ఎప్పుడూ ఒకచోట లేదు, ఎవరో పెద్దమనసుతో జరిపితేనే జరిగింది.

వయసు 18 నుంచి 25 అని ఉండేది. పెళ్లయి, పిల్లలు పుట్టి, పదేళ్ల తర్వాత మళ్లీ గజ్జె కట్టాలనుకునే ఆడవాళ్లందరూ అక్కడే ఆగిపోతారు. పై పరిమితి ఎత్తేశాం. లింగం అనే చోట రెండే గళ్లు ఉండేవి. సుప్రీంకోర్టు 2014లోనే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపుపై తీర్పిచ్చింది, భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్ గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది, మా ఫారం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆ ప్రశ్న ఇప్పుడు ఇష్టమైతే రాసేది, ఎవరి మాటల్లో వాళ్లు రాసేది. కానీ ఫారం మార్చడం తేలిక. ఉత్సవం రోజు ఒక ట్రాన్స్ మహిళ కాస్ట్యూమ్ బ్యాగు పట్టుకుని గ్రీన్‌రూమ్ బయట అరగంట నిలబడిపోయింది, ఏ గదిలోకి వెళ్లాలో ఎవరూ చెప్పలేదు, అడగడానికి ఆమెకి మొహమాటం. అది పూర్తిగా మా తప్పు. మరుసటి ఏడాది నుంచి గడియ ఉన్న విడి గది ఒకటి ఎవరికైనా అని ఉంచుతున్నాం, ముందురోజే అందరికీ ఆ సంగతి మెసేజ్ పెడుతున్నాం.

చివరి తేదీ గురించి కూడా చెప్పాలి. మా గడువు ఏటా దీపావళి వారంలో పడేది. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులకి అది దండారి పండగ కాలం. గుస్సాడీ నాట్యం చేసే కళాకారులు మల్‌బూర అనే నెమలి ఈకల టోపీ తలమీద పెట్టుకుని ఊరూరా తిరిగే రోజులు అవి. గుస్సాడీకి కనకరాజు గారి ద్వారా 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా సంతోషపడ్డాం, మా ప్రకటనల్లో "గిరిజన కళాకారులకు ఆహ్వానం" అని రాశాం. ఆ కళాకారులు ఏడాది మొత్తంలో ఒక్క క్షణం తీరిక లేకుండా ఉండే వారమే మా చివరి తేదీ అని ఒక్కరికీ తోచలేదు. జనవరికి మార్చాం.

డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది

నన్నడిగితే మేం చేసిన మార్పులన్నిట్లో పెద్దది ఇదే. ఫొటోల్లో కనపడదు, ఎవరూ చప్పట్లు కొట్టరు.

మా పద్ధతి: ముందు ఖర్చు పెట్టుకోండి, బిల్లులు తెండి, డబ్బులిస్తాం. ఆడిట్‌కి ఇది శుభ్రంగా ఉంటుంది. ఒక అరంగేట్రానికి హాలు అద్దె, పాట, మృదంగం, వయోలిన్, నట్టువాంగం, మేకప్, నగల అద్దె, కాస్ట్యూమ్ కుట్టుకూలి, వచ్చినవాళ్లకి భోజనం. ఇదంతా ముందు పెట్టగలిగే ఇంటికి మా సాయం నిజానికి అంత అవసరం లేదు. అవసరమైన ఇంట్లో ముందు అప్పు చేస్తారు. ఒక స్కాలర్‌షిప్ అమ్మాయి తల్లి ఇళ్లల్లో పనిచేస్తుంది. మేం డబ్బు మంజూరు చేశాక ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు, మా చెక్కు వచ్చేసరికి నాలుగు నెలలు. "మీరు ఇచ్చినదాంట్లో కొంత వడ్డీకే పోయిందమ్మా, అయినా మీరు ఇచ్చారు, అది చాలు" అన్నారు ఆవిడ. నిష్ఠూరంగా కాదు, కృతజ్ఞతగానే అన్నారు, అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిల్లుల సంగతి సరేసరి. చిన్న ఊళ్లో టైలరు ఇచ్చేది నోట్‌బుక్ చింపిన కాగితం, మా అకౌంట్స్ దాన్ని తిప్పి పంపేది.

ఇప్పుడు మంజూరైన వారంలోనే మూడొంతుల డబ్బు ఖాతాలో వేస్తాం, మిగతాది ప్రదర్శన అయ్యాక. చిన్న ఖర్చులకి సంతకం చేసిన కాగితం చాలు. ఆడిటర్‌తో మూడు సిట్టింగులు పట్టింది, ముందే రాతపూర్వకంగా ఒక విధానం పెట్టుకుంటే ఇబ్బంది లేదని ఆయనే దారి చూపించారు. డబ్బు తీసుకుని మాయమైపోతారేమో అని భయపడ్డాం కదా, ఇప్పటిదాకా అలా ఒక్కరూ చెయ్యలేదు.

డిసెంబర్ 3

మేం చెడగొట్టిన పని ఇది. మొదటి ఏడాది ఉత్సాహంతో "ప్రత్యేక విభాగం" అని పెట్టి, వికలాంగుల దినోత్సవం కాబట్టి డిసెంబర్ 3న వికలాంగ కళాకారులకి విడిగా ఒక సాయంత్రం ఏర్పాటు చేశాం. హాలు నిండింది, పత్రికల్లో వచ్చింది. చక్రాల కుర్చీలో నాట్యం చేసే ఒకామె కార్యక్రమం అయ్యాక నన్ను పక్కకి పిలిచి అడిగింది: "నాకు ఏటా డిసెంబర్ 3నే ఫోన్లొస్తాయి. మిగతా నెలల్లో నేను డాన్సర్ని కాదా?" నా దగ్గర జవాబు లేదు. ఆమెకి ఇంకో బాధ కూడా ఉంది. ఆ హాలు వేదిక మూడున్నర అడుగుల ఎత్తు. నలుగురు మగవాళ్లు కుర్చీతో సహా అందరి ముందూ పైకి ఎత్తారు, ఆ ఎత్తడంలో ఒకాయన చెయ్యి జడకి తగిలి పూలు ఊడిపోయాయి, అవి సర్దుకుంటూనే ఆమె మొదలుపెట్టాల్సి వచ్చింది.

ర్యాంప్ కట్టిద్దామంటే లెక్క ఇది: సురక్షితమైన వాలు ఒకటికి పన్నెండు, అంటే ప్రతి అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు. మూడున్నర అడుగులకి 42 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును చోటు అదనం. ఆ హాల్లో అంత జాగా లేదు. చివరికి మేం వేదికనే వదిలేశాం. నేలమీదే ఆట, మూడు వైపులా ప్రేక్షకులు, ముందు వరసలు జంపఖానా మీద. మన వీధి భాగవతం ఆడింది అలాగే కదా. అందరు కళాకారులకీ అదే నేల, ఎవర్నీ ఎవరూ ఎత్తక్కర్లేదు. ప్రత్యేక విభాగం తీసేశాం, అందరూ ఒకే ఉత్సవంలో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంస్కృతి, వినోదం గురించి 29వ సెక్షన్ విడిగా ఉంది, వికలాంగ కళాకారులకి సౌకర్యాలు, ప్రోత్సాహం, స్పాన్సర్‌షిప్ అని అందులో ఉంది, కళల కోర్సులనే వాళ్లకి అనువుగా మార్చాలని కూడా ఉంది. నాట్య సంస్థలు నడిపేవాళ్లు ఆ ఒక్క పేజీ అయినా చదవాలని నా కోరిక.

చూపు లేని అమ్మాయికి కూడా ఆ నేలే కలిసొచ్చింది. ఆట చోటు అంచుకి రెండడుగుల లోపల సన్నటి తాడు పరిచి పైన టేపు వేశాం. ముందురోజు వట్టి కాళ్లతో ఆ తాడు వెంట చుట్టూ నడిచింది, రెండో చుట్టులో చెయ్యి వదిలేసింది, మూడో చుట్టులో అడుగుల లెక్క తనే పైకి చెప్పుకుంటూ మధ్యకి వెళ్లి నిలబడింది. ముందువైపు ఏదో తెలియడానికి స్పీకర్ ఒక్కటే, సరిగ్గా ఎదురుగా. మిగతా కళాకారులు కూడా ఆ తాడు బాగుందన్నారు, లైట్లు కళ్లలో పడుతున్నప్పుడు అంచు ఎక్కడుందో వాళ్లకీ తెలియదు.

చేతులు రెండు చోట్ల

వినికిడి లేని ప్రేక్షకుల కోసం సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాం. మంచి పనే చేశాం అనుకున్నాం. ఇంటర్‌ప్రెటర్ హాలుకి ఎడమ పక్క చివర, స్టూలు మీద. క్షేత్రయ్య పదం, అంటే అభినయం పట్టే శృంగార గీతం, మొదలైంది. నేను వెనక నిలబడి ప్రేక్షకుల తలలు చూస్తున్నాను: ఎడమకి, మధ్యకి, మళ్లీ ఎడమకి. పది నిమిషాల తర్వాత కొందరు ఎడమ వైపు చూడటం మానేశారు, కొందరు ఆట చూడటం మానేశారు. అయిపోయాక వాళ్లతో కూర్చున్నాం. ఒక పెద్దాయన సైన్‌లో చెప్పారు, ఇంటర్‌ప్రెటర్ మాకు చెప్పారు: అభినయం మాకు మీరు చెప్పక్కర్లేదు, ముఖం, చేతులు చదవడం మేం రోజూ చేసే పని, నాయిక అలిగింది, ఎదురుచూసింది, వాడి మెడలో వేరే పూలదండ వాసన పసిగట్టింది, అంతా తెలిసింది. మాకు తెలియనిది మధ్యలో మైకులో మీరు పది నిమిషాలు ఏం మాట్లాడారో అది.

ఆ మాటతో మా ఏర్పాటంతా తిరగబడింది. ఇప్పుడు అనౌన్స్‌మెంట్లు పూర్తిగా సైన్‌లో వస్తాయి. పాట మొదలయ్యే ముందు కథ, పల్లవి అర్థం చెప్తారు. ఆట జరిగేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ కళాకారిణికి దగ్గర్లో, అదే వెలుతురులో నిలబడి, సాహిత్యం మారినప్పుడు మాత్రం చెప్పి, సంచారీల్లో, అంటే ఒకే పంక్తిని అభినయంతో విస్తరించే చోట్ల, చేతులు దించేస్తారు. పాటల సాహిత్యం వారం ముందే వాళ్లకి పంపాలి, తెలియని మాటని అప్పటికప్పుడు ఎవరూ అనువదించలేరు. ఇద్దరు ఉండాలి, అరగంటకోసారి మారాలి, లేకపోతే చేతులూ బుర్రా రెండూ అలసిపోతాయి. వాళ్ల ఫీజు బడ్జెట్‌లో హాలు అద్దె పక్కనే రాస్తాం. మొదటి ఏడాది "మిగిలితే చూద్దాం" అన్న పద్దులో ఉండేది, ఎప్పుడూ మిగిలేది కాదు.

కాని పనులు ఇంకా ఉన్నాయి. హాల్లో బాత్రూమ్ తలుపు చక్రాల కుర్చీకి చాలదు, యాజమాన్యం రెండేళ్లుగా చూద్దాం అంటోంది. బృందాలకి ఇచ్చే డబ్బు ఒక్కరి ఖాతాలో పడితే మిగతావాళ్లకి ఎంత అందుతోందో మాకు తెలియడం లేదు. ఎంపిక కమిటీలో ఏడుగురిలో ఐదుగురు ఇంకా శాస్త్రీయ నాట్యం వాళ్లే. ఒక చిందు కళాకారుడిని తీసుకున్నాం, మొదటి మీటింగ్ అంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చర్చ సగం ఇంగ్లిష్‌లో నడిచిందని నాకు ఇంటికెళ్లాక వెలిగింది. ఇప్పుడు మీటింగ్ తెలుగులోనే, సిట్టింగ్ ఫీజు, బస్సు ఖర్చులు అందరికీ ఒకటే, మొదట మాట్లాడేది ఆయన.

ఒక సంతకం

మూడో ఏడాది గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబానికి చెందిన ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాం. ఎనభై దాటాయి. ఒకప్పుడు ఆలయాల్లో, జమీందార్ల కొలువుల్లో, పెళ్లిళ్లలో అభినయం ఈ స్త్రీలదే. 1947 మద్రాసు దేవదాసీ చట్టం ఆడపిల్లల్ని గుళ్లకి అంకితం చేయడాన్ని ఆపింది, ఆ ఉద్యమం వెనక న్యాయమైన కారణాలున్నాయి. కానీ దాంతోపాటు వాళ్ల ఆట కూడా సిగ్గుపడాల్సిన విషయమైపోయింది, అదే అభినయం వేరే ఇళ్ల అమ్మాయిల ద్వారా గౌరవంగా సభలకెక్కింది. నటరాజ రామకృష్ణ గారు వాళ్ల ఇళ్లకి వెళ్లి, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని ఆంధ్రనాట్యం అని నిలబెట్టారు కాబట్టి కొంతైనా మిగిలింది.

ఆవిడకి మేం నెలనెలా గౌరవ వేతనం ఇద్దామనుకున్నాం, పదాలు రికార్డు చేద్దామనుకున్నాం. మా సమ్మతి పత్రంలో మామూలుగా ఉండే వాక్యం: ఫొటో, వీడియో, జీవిత వివరాలు సంస్థ ప్రచారానికి వాడుకోవచ్చు. బ్రోచర్‌లో "దేవదాసీ పరంపర" అని వెయ్యాలని మా వాళ్లకి చాలా ఇష్టం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"పాడతాను నాన్నా, నీకు ఎన్ని కావాలంటే అన్ని పాడతాను. పేరెయ్యొద్దు. మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం. ఇన్నాళ్లూ దాచుకొచ్చాం, ఇప్పుడు మీరు గౌరవం అని వేస్తారు, అక్కడ వాళ్లు ఇంకోలా చదువుకుంటారు."

అందర్నీ కలుపుకోవడం అంటే అందర్నీ వెలుగులోకి లాగడం అని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆ పత్రం చింపేసి కొత్తది రాశాం, అందరికీ: ఫొటోకి వేరు, పేరుకి వేరు, కులం, కుటుంబ వివరాలకి వేరు, వీడియో ఎవరు చూడొచ్చో వేరు. దేనికి వద్దన్నా డబ్బు ఆగదు అని మొదటి వాక్యం. ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు అని రెండోది. చదవలేనివాళ్లకి చదివి వినిపించి, ఒక రాత్రి గడిచాకే సంతకం.

పదకొండు పదాలు రికార్డు చేశాం. ఒక పదంలో ఒకే మాటకి ఆవిడ ఏడు రకాలుగా కళ్లతో అర్థం చెప్పారు, మంచం మీద కూర్చునే, చేతిలో తుండుగుడ్డతోనే. గత ఉత్సవానికి ముందు ఒక దాత వాటిని తెరమీద వేద్దాం, పేరు లేకుండానే వేద్దాం అని అడిగారు. ఆవిడకి ఫోన్ చేశాను, వద్దన్నారు, దాతకి వద్దని చెప్పాం. హార్డ్ డిస్క్ మా ఆఫీసు బీరువాలో ఉంది. దాని మీద అతికించిన చీటీ ఆవిడే రాశారు, అక్షరాలు కొంచెం వణికాయి: మనవరాలు, ఇద్దరు శిష్యులు, ఇంకెవరైనా సరే నన్ను అడిగాకే.